రిపోర్టుల్లో పాసివ్ వాయిస్: ఏ వాక్యం ఉంచాలి, ఏది మార్చాలి?

సాంకేతిక లేఖరి

అందరికీ నమస్కారం. ఇంజనీర్లు రాసిన ఇంగ్లీషు రిపోర్టులను బయటికి పంపే ముందు భాష సరిచూసే పని నాది. ఈ మధ్య ఒకే రిపోర్టు మీద ఇద్దరు సమీక్షకులు పరస్పర విరుద్ధమైన సూచనలు రాశారు. మొదటివారు పాసివ్ వాయిస్‌లో ఉన్న (అంటే పని చేసినవారితో కాక, ఆ పని దేని మీద జరిగిందో దానితో మొదలయ్యే) ప్రతి వాక్యాన్నీ యాక్టివ్‌లోకి మార్చాలన్నారు. రెండోవారు సాంకేతిక రచనలో "వీ" (మేము) అన్న మాట ఎక్కడా కనిపించకూడదని, అన్నీ పాసివ్‌లోనే ఉండాలని పట్టుబట్టారు. ఇద్దరి మాటా ఒకేసారి చెల్లదు కాబట్టి అసలు ప్రమాణం ఏమిటో తేల్చుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను. ఆ రిపోర్టులోని ఒక పేరా ఇది:

"ద ట్యాంక్ వాజ్ ఫిల్డ్ విత్ వాటర్. ద వాల్వ్ వాజ్ క్లోజ్డ్ ఫర్ టూ అవర్స్. ఎ లీక్ వాజ్ అకర్డ్ నియర్ ద జాయింట్. ది ఇంజనీర్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాబ్లమ్. ఇట్ వాజ్ డిసైడెడ్ దట్ ద జాయింట్ షుడ్ బి రీప్లేస్డ్."

ఐదు వాక్యాలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. వీటిలో దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి, ఎందుకు అన్నది కారణాలతో సహా చెప్పగలిగితే నాకు ఉపయోగంగా ఉంటుంది.

వ్యాకరణమిత్ర

ఇద్దరు సమీక్షకుల తగవు తీర్చే ముందు ఒక సంగతి చెప్పాలి. మీరిచ్చిన ఐదింటిలో మూడో వాక్యమూ నాలుగో వాక్యమూ ఇంగ్లీషులో అసలు చెల్లవు. కనుక వాటిని ఉంచాలా వద్దా అన్న చర్చకే తావు లేదు, మార్చి తీరాలి. ఎంపిక అన్నది మిగిలిన మూడింటి విషయంలోనే ఉంటుంది.

ముందుగా రూపం సంగతి. పాఠ్యపుస్తకాల్లో ఒక్కో టెన్స్‌కు ఒక్కో సూత్రం చొప్పున పట్టిక వేసి బట్టీ పట్టిస్తారు గానీ, నిజానికి అక్కడ ఉన్నది ఒకే సూత్రం. యాక్టివ్ వాక్యంలో ప్రధాన క్రియ ఏ రూపంలో ఉందో, పాసివ్‌లో ఆ రూపాన్ని "బి" అనే సహాయక క్రియ తీసుకుంటుంది. ప్రధాన క్రియ మాత్రం పాస్ట్ పార్టిసిపుల్‌గా, అంటే విద్యార్థులు వీ3 అని పిలుచుకునే రూపంలో నిలిచిపోతుంది. "రైట్స్" సింపుల్ ప్రెజెంట్ కనుక "బి" కూడా అదే టెన్స్‌లో "ఈజ్"గా మారి "ఈజ్ రిటెన్" వస్తుంది. "ఈజ్ రైటింగ్"లో ప్రధాన క్రియకు ఉన్న "ఇంగ్" వెళ్ళి "బి"కి చేరుతుంది, "ఈజ్ బీయింగ్ రిటెన్" అవుతుంది. "హ్యాజ్ రిటెన్"లో ప్రధాన క్రియ పార్టిసిపుల్ రూపంలో ఉంది కనుక "బి"కి కూడా పార్టిసిపుల్ రూపమైన "బీన్" వచ్చి "హ్యాజ్ బీన్ రిటెన్" అవుతుంది. "విల్ రైట్" "విల్ బి రిటెన్" కావడం, "కెన్ రైట్" "కెన్ బి రిటెన్" కావడం, "టు రైట్" "టు బి రిటెన్" కావడం అన్నీ ఈ ఒక్క సూత్రం నుంచే వస్తాయి. ఇది పట్టుబడినవారిని "విల్ హ్యావ్ బీన్ రిటెన్" కూడా భయపెట్టదు.

ఇదే లెక్కన "హ్యాజ్ బీన్ రైటింగ్"ను మారిస్తే "హ్యాజ్ బీన్ బీయింగ్ రిటెన్" రావాలి. సూత్రం ప్రకారం అది తప్పు కాదు, కానీ నోటికి పట్టనంత బరువుగా ఉంటుంది కనుక రాసేవారు దాదాపుగా లేరు. పట్టికల్లో ఆ గడి ఖాళీగా ఉండడానికి కారణం అదే.

కొంచెం పక్కకు వెళ్ళి ఒక మాట చెబుతాను. ఈనాడు మనం సహజమనుకునే "ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్" కూడా ఒకప్పుడు లేదు. ఇల్లు నిర్మాణంలో ఉందని చెప్పడానికి "ద హౌస్ ఈజ్ బిల్డింగ్" అనేవారు. "ఈజ్ బీయింగ్ బిల్ట్" వంటి రూపం 18వ శతాబ్దం చివరలో వాడుకలోకి వచ్చింది. ఆ తరువాతి శతాబ్దంలో కొందరు వ్యాకరణవేత్తలు దాన్ని వికృత ప్రయోగమని తీవ్రంగానే నిరసించారు. నిరసన ఫలించలేదు, ఇప్పుడు పాత రూపమే చెవికి వింతగా తగులుతుంది.

కొత్త పాఠకురాలు

సూత్రం బాగా అర్థమైంది, ధన్యవాదాలు. అయితే "ఎ లీక్ వాజ్ అకర్డ్" ఎందుకు చెల్లదో ఇంకొంచెం వివరించగలరా? "వాజ్ హ్యాపెన్డ్", "వాజ్ డిసప్పియర్డ్", "వాజ్ డైడ్" వంటివి నేను తరచుగా చూస్తుంటాను. లీకు అనేది తనకు తానుగా పూనుకొని చేసే పని కాదు గదా. ఏదో ఒక కారణం వల్ల అది ఏర్పడుతుంది. అలాంటప్పుడు పాసివ్ పెట్టాలనిపించడం సహజమే అనిపిస్తుంది.

నిదానం

మీ అనుమానంలో తర్కం ఉంది. అందుకే ఇంత మంది అలా రాస్తారు. కానీ ఇంగ్లీషు పాసివ్ అర్థం మీద ఆధారపడి నడవదు, వాక్యనిర్మాణం మీద ఆధారపడి నడుస్తుంది. యాక్టివ్ వాక్యంలో క్రియకు ఒక కర్మ ఉండాలి. ఆ కర్మను తెచ్చి కర్త స్థానంలో కూర్చోబెట్టడమే పాసివ్. "అకర్", "హ్యాపెన్", "డిసప్పియర్", "అరైవ్", "డై", "ఎగ్జిస్ట్" వంటివి అకర్మక క్రియలు. కర్మే లేనప్పుడు ముందుకు తేవడానికి ఏమీ ఉండదు. లీకు తన ప్రమేయం లేకుండానే ఏర్పడినా, "ఎ లీక్ అకర్డ్" అన్న వాక్యంలో కర్త స్థానం ముందే దానిదైపోయింది. మళ్ళీ దాన్ని పాసివ్‌లోకి నెట్టవలసిన పని లేదు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారికి ఇక్కడ ఒక ఆనవాలు చెబుతాను. ఒకే సంఘటనను మనం మూడు రకాలుగా చెప్పగలం: తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచారు, తలుపు తెరవబడింది. మొదటిదానికి సమానమైనది "ద డోర్ ఓపెన్డ్". అక్కడ తెరిచినవారు ఉన్నారో లేరో కూడా వాక్యం చెప్పదు. రెండోదానిలో ఎవరో ఉన్నారు, వారెవరో చెప్పనవసరం లేదనుకున్నాం. ఇంగ్లీషు పాసివ్‌కు అసలైన జోడీ ఈ రెండోదే, అంటే కర్త పేరు లేకుండా "ఆరు"తో ముగిసే మన మామూలు వాక్యమే. మూడోది తెలుగులో అరుదుగా, ఎక్కువగా శాసన భాషలోనూ ప్రకటనల్లోనూ కనిపిస్తుంది. కనుక పాసివ్ అనగానే "బడు" ధాతువును వెతుక్కునేవారికి ఇంగ్లీషు పాసివ్ కృతకంగా తోస్తుంది. "ట్యాంకు నింపారు", "రోడ్డు తవ్వారు", "ఫలితాలు ప్రకటించారు" అన్న వాక్యాలను తలచుకుంటే అదెంత సహజమో తెలుస్తుంది. ఈ మూడూ ఇంగ్లీషులో "దే"తో మొదలుపెడితే ఆ "దే" ఎవరని చదివేవారు వెతుక్కుంటారు.

కర్మ ఉన్నా పాసివ్‌కు లొంగని క్రియలు కొన్ని ఉన్నాయని కూడా చెప్పాలి. "హ్యావ్", "లాక్", "రిజెంబుల్", బట్టలు సరిపోవడమన్న అర్థంలో "ఫిట్", వెల తెలిపే "కాస్ట్" ఆ కోవలోవి. ఇవి చర్యను కాక స్థితినో సంబంధాన్నో చెబుతాయి. "ఎ కార్ ఈజ్ హ్యాడ్ బై హిమ్" అని ఎవరూ అనరు.

ఎర్రసిరా

నేను సంపాదకత్వం చేసేవాడిని. మొదటి సమీక్షకుడి పక్షం. రూపం తప్పుల కంటె నన్ను ఎక్కువగా బాధించేది ఐదో వాక్యం. వ్యాకరణ రీత్యా అందులో తప్పేమీ లేదు. కానీ "ఇట్ వాజ్ డిసైడెడ్" అంటే ఎవరు నిర్ణయించారు? జాయింటు మార్చాలన్న నిర్ణయానికి ఖర్చు ఉంటుంది, బాధ్యత ఉంటుంది, రేపు అది వికటిస్తే అడగవలసిన మనిషి ఉంటాడు. ఆ మనిషిని వాక్యంలోంచి మాయం చేయడం కోసమే ఇలాంటి పాసివ్‌లు పుడతాయి. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఇరాన్‌కు ఆయుధాల అమ్మకం వ్యవహారం గురించి చట్టసభలో మాట్లాడుతూ "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నారు. తప్పులు జరిగాయి సరే, చేసిందెవరు? అందుకే ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లోనే, యాక్టివ్ వాడగలిగిన చోట పాసివ్ ఎన్నడూ వాడవద్దని సలహా ఇచ్చారు. రిపోర్టు రాసేవారందరికీ ఆ సలహా శిరోధార్యమని నా అభిప్రాయం.

నిదానం

ఎర్రసిరా గారూ, ఐదో వాక్యం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దాని నుంచి మీరు లాగిన సాధారణ సూత్రంతో మాత్రం కాదు.

మీరు చెప్పిన 1987 ప్రసంగాన్నే తీసుకుందాం. అదే ప్రసంగంలో, ఆ పాసివ్ వాక్యానికి కొంచెం ముందే, తాను ఒక సాహసానికి పూనుకున్నానని, అది ఫలించలేదని, పూర్తి బాధ్యత తనదేనని రీగన్ "ఐ"తో మొదలయ్యే యాక్టివ్ వాక్యాల్లో చెప్పారు. జనానికి పాసివ్ వాక్యం ఒక్కటే గుర్తుండిపోయింది. పూర్తి బాధ్యత నాదే అన్న యాక్టివ్ మాట వల్ల ఎవరెవరు ఏయే తప్పు చేశారో ఏమైనా బయటపడిందా? లేదు. అలాగే "ఎ ఫాల్ట్ డెవలప్డ్", "ప్రాబ్లమ్స్ అరోజ్", "ద ప్రాసెస్ ఫెయిల్డ్" అన్న వాక్యాలు చూడండి. మూడూ నికార్సయిన యాక్టివ్ వాక్యాలే, మూడింటిలోనూ బాధ్యుడు లేడు. దాచాలనుకున్నవారికి వాయిస్ అడ్డం కాదు. నిజానికి పాసివ్ చివర "బై" చేర్చి కర్త పేరు చెప్పే వీలైనా ఉంటుంది. "ఎ ఫాల్ట్ డెవలప్డ్"లో ఆ వీలు కూడా లేదు.

ఇక ఆర్వెల్ సంగతి. పాసివ్ మితిమీరిందని ఆయన ఫిర్యాదు చేసిన వాక్యమే "ద పాసివ్ వాయిస్ ఈజ్ వేరెవర్ పాసిబుల్ యూజ్డ్" అంటూ పాసివ్‌లో సాగుతుంది. ఆయనను వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. పాసివ్ గురించే మాట్లాడుతున్న ఆ వాక్యంలో పాసివ్‌నే కర్త స్థానంలో పెట్టడం అంతటి రచయితకు కూడా సహజమనిపించింది. ఎవరు వాడుతున్నారన్నది అక్కడ ముఖ్యం కాదు.

ఎర్రసిరా

ఆ వాక్యాన్ని ఆర్వెల్ కావాలనే అలా రాశారని అనేవారూ ఉన్నారు, ఆ జోలికి పోను. నా వాదన రిపోర్టులకు పరిమితం. రిపోర్టులో చర్య ఎవరిదో తెలియడం పాఠకుడి హక్కు. కర్తను దాచే యాక్టివ్ వాక్యాలను కూడా నేను కొట్టేస్తాను కాబట్టి మీ అభ్యంతరం నాకు అంతగా తగలదు. కానీ కొత్తగా రాసేవారికి ఏదో ఒక తేలిక నియమం ఇవ్వకపోతే ప్రతి వాక్యాన్నీ "ఇట్ వాజ్"తోనే మొదలుపెడతారు. మొదటి సమీక్షకుడు ఇచ్చింది అలాంటి నియమమే.

ప్రయోగశాల

నేను పరిశోధనా పత్రాలు రాస్తాను, ఇతరులవి సరిచూస్తాను కూడా. రెండో సమీక్షకుడి పక్షాన మాట్లాడతానని మీరు ఊహించి ఉంటారు. సగమే మాట్లాడగలను. విజ్ఞానశాస్త్రంలో "వీ" నిషిద్ధమన్నది అపోహ. డీఎన్‌ఏ నిర్మాణాన్ని ప్రతిపాదిస్తూ వాట్సన్, క్రిక్ 1953లో నేచర్ పత్రికలో ప్రచురించిన పత్రం మొదటి వాక్యమే "వీ విష్ టు సజెస్ట్" అని ప్రారంభమవుతుంది. ఆ పత్రిక ఇప్పటి రచయితలకు ఇచ్చే సూచనల్లో కూడా యాక్టివ్ వైపే మొగ్గు చూపుతుంది. అయినా ప్రయోగ విధానం చెప్పే భాగంలో పాసివ్‌దే పైచేయిగా ఉండడానికి న్యాయమైన కారణం ఉంది. అక్కడ కథ పరికరాలదీ పదార్థాలదీ. ట్యాంకు నింపినది నేనైనా, నా సహచరుడైనా ఫలితం మారదు, మారకూడదు కూడా. ఆ ప్రయోగాన్ని ఎవరు చేసినా అదే ఫలితం రావాలి. "వీ ఫిల్డ్, వీ క్లోజ్డ్, వీ మెజర్డ్" అని వరసగా ఎనిమిది వాక్యాలు రాస్తే ప్రతి వాక్యం మొదట్లోనూ అవసరం లేని మనుషులే నిలబడి ఉంటారు.

నా దృష్టిలో వాయిస్‌ను నిర్ణయించేది ఒక్కటే, పేరా దేని గురించి నడుస్తోంది అన్నది. ఇంగ్లీషు వాక్యం సాధారణంగా పాఠకుడికి అప్పటికే తెలిసినదానితో మొదలై, కొత్త సంగతితో ముగుస్తుంది. పెన్సిలిన్ గురించి పేరా రాస్తున్నామనుకోండి. "పెన్సిలిన్ వాజ్ డిస్కవర్డ్ బై అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇన్ 1928. ఇట్ వాజ్ డెవలప్డ్ ఇంటు ఎ యూజబుల్ డ్రగ్ బై హోవర్డ్ ఫ్లోరీ, అర్న్‌స్ట్ చెయిన్ అండ్ దెయిర్ కొలీగ్స్ ఎట్ ఆక్స్‌ఫర్డ్." రెండు వాక్యాలూ పెన్సిలిన్ మీదే నిలబడ్డాయి, పాఠకుడి చూపు చెదరలేదు. దీన్ని యాక్టివ్‌లోకి మారిస్తే మొదటి వాక్యం ఫ్లెమింగ్‌తో, రెండోది ఫ్లోరీతో మొదలవుతుంది. పేరా ఎవరి గురించో తెలియక చదివేవారు తడబడతారు. అదే ఫ్లెమింగ్ జీవితం గురించి రాస్తున్న పేరా అయితే "హి డిస్కవర్డ్ పెన్సిలిన్ ఇన్ 1928" అన్న యాక్టివ్ వాక్యమే చక్కగా ఇముడుతుంది. వాస్తవం ఒకటే, వాయిస్ మాత్రం చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి మారింది.

పై ఉదాహరణలో ఇంకొకటి గమనించండి. "బై" తరువాత వచ్చిన పేర్ల గుంపు పొడుగ్గా ఉంది. పొడుగాటి కర్తను వాక్యం మొదట పెడితే క్రియ వచ్చేసరికి పాఠకుడు అలసిపోతాడు. దాన్ని వాక్యం చివరికి పంపడానికి పాసివ్ మంచి సాధనం. వాడుకలో చాలా పాసివ్ వాక్యాలకు "బై" భాగం ఉండనే ఉండదు. ఉన్నప్పుడు సాధారణంగా అది కొత్త సమాచారమో, బరువైన సమాచారమో అయి ఉంటుంది. "బై మీ", "బై దెమ్" అని ముగిసే వాక్యాలు పుస్తకాల బయట అరుదు కావడానికి కారణం ఇదే.

పరీక్షార్థి

క్షమించాలి, నా ప్రశ్న కొంచెం వేరు. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మాకు ఇచ్చే అభ్యాసాల్లో "ఐ లైక్ దిస్ సాంగ్"ను "దిస్ సాంగ్ ఈజ్ లైక్డ్ బై మీ"గా, "ప్లీజ్ సిట్ డౌన్"ను "యు ఆర్ రిక్వెస్టెడ్ టు సిట్ డౌన్"గా, "హూ రోట్ దిస్?"ను "బై హూమ్ వాజ్ దిస్ రిటెన్?"గా మార్చమంటారు. పై చర్చ చదివాక ఇవి ఎవరు మాట్లాడతారన్న సందేహం వచ్చింది. పరీక్షలో మాత్రం ఇవే రాయాలి కదా?

వ్యాకరణమిత్ర

పరీక్షలో ఇవే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ ఇవి రూపాన్ని పరీక్షించే కసరత్తులు మాత్రమేనని తెలుసుకోండి. మొదటిది వ్యాకరణబద్ధమే గానీ, ఎవరూ అనని వాక్యం. మూడోదానికి మాటల్లో "హూ వాజ్ దిస్ రిటెన్ బై?" అంటారు. రెండోదాని విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. "సిట్" అకర్మక క్రియ, దానికి పాసివ్ లేదు. అక్కడ పాసివ్‌లోకి వెళ్ళింది మూలవాక్యంలో లేని "రిక్వెస్ట్" అనే కొత్త క్రియ. అది వాయిస్ మార్పు కాదు, మర్యాదను వేరే వాక్యంలో చెప్పడం. "ఓపెన్ ద డోర్"ను "లెట్ ద డోర్ బి ఓపెన్డ్" అనడం కూడా అభ్యాస పుస్తకాలు దాటి బయటికి రాదు.

పరీక్షలోనూ వాడుకలోనూ నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. "దే మేడ్ హిమ్ వెయిట్" పాసివ్‌లో "హి వాజ్ మేడ్ టు వెయిట్" అవుతుంది. యాక్టివ్‌లో లేని "టు" ఇక్కడ తప్పనిసరి. "సా", "హర్డ్" విషయంలోనూ అంతే. "లెట్"కు మాత్రం ఆ నిర్మాణంలో పాసివ్ నప్పదు, "వాజ్ అలౌడ్ టు" అనాలి. ప్రిపోజిషన్‌తో జతపడిన క్రియలను పాసివ్ చేసినప్పుడు ఆ ప్రిపోజిషన్‌ను వదిలేయకూడదు: "హి వాజ్ లాఫ్డ్ ఎట్", "ద చిల్డ్రన్ వర్ లుక్డ్ ఆఫ్టర్". వార్తల్లో ఎక్కువగా కనబడే "హి ఈజ్ సెడ్ టు హ్యావ్ రిజైన్డ్" కూడా నేర్చుకోదగినది. రాజీనామా ముందే జరిగిందని "హ్యావ్ రిజైన్డ్" చెబితే, చెప్పుకోవడం ఇప్పటి సంగతని "ఈజ్ సెడ్" చెబుతుంది.

ఇక సాంకేతిక లేఖరి గారి నాలుగో వాక్యానికి వస్తాను. "ది ఇంజనీర్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాబ్లమ్" అన్నది "వాజ్ గివెన్", "వాజ్ షోన్", "వాజ్ టోల్డ్" చూసి పోలికతో పుట్టిన తప్పు. "గివ్", "షో", "సెండ్", "ఆఫర్", "టెల్", "టీచ్" వంటి క్రియలు రెండు కర్మలను పక్కపక్కన భరిస్తాయి. "దే గేవ్ ది ఇంజనీర్ ఎ కాపీ" అనవచ్చు కనుక "ది ఇంజనీర్ వాజ్ గివెన్ ఎ కాపీ" అనీ, "ఎ కాపీ వాజ్ గివెన్ టు ది ఇంజనీర్" అనీ రెండు విధాలా పాసివ్ చేయవచ్చు. "ఎక్స్‌ప్లెయిన్" అలా కాదు. "దే ఎక్స్‌ప్లెయిన్డ్ ది ఇంజనీర్ ద ప్రాబ్లమ్" అన్న యాక్టివ్ వాక్యమే లేదు, మధ్యలో "టు" ఉండి తీరాలి. అందువల్ల "ద ప్రాబ్లమ్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు ది ఇంజనీర్" ఒక్కటే దారి. "సజెస్ట్", "డిస్క్రైబ్", "అనౌన్స్", "సే" కూడా ఈ జట్టులోవే. సందేహం వచ్చినప్పుడల్లా యాక్టివ్ వాక్యం రాసి చూడండి. అక్కడ ప్రిపోజిషన్ లేకుండా క్రియ పక్కన నిలవలేనిది పాసివ్‌లో కర్త కాలేదు.

కొత్త పాఠకురాలు

రెండో వాక్యం గురించి ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. "ద వాల్వ్ వాజ్ క్లోజ్డ్ ఫర్ టూ అవర్స్" బాగానే ఉన్నట్టుంది. అలాగే మొదటి వాక్యంలో "బై వాటర్" కాకుండా "విత్ వాటర్" అనే ఎందుకు రాయాలి?

నిదానం

రెండో వాక్యం నాకు ఈ పేరా అంతటిలో ఆసక్తికరమైనది, ఎందుకంటే అది పాసివో కాదో చూడగానే చెప్పలేం. "క్లోజ్డ్" పార్టిసిపుల్ కావచ్చు, విశేషణమూ కావచ్చు. "ద వాల్వ్ వాజ్ క్లోజ్డ్ ఎట్ టెన్" అంటే పది గంటలకు ఎవరో మూశారని ఒక చర్యగా అర్థం చేసుకోవచ్చు, పది గంటల సమయంలో అది మూసి ఉన్నదని ఒక స్థితిగానూ అర్థం చేసుకోవచ్చు. రిపోర్టు చదివేవారికి ఈ తేడా చాలా ముఖ్యం: వాల్వు పదింటికి మూశారా, అంతకు ముందు నుంచే మూసి ఉందా? మీ వాక్యంలో "ఫర్ టూ అవర్స్" అన్న వ్యవధి ఉంది కాబట్టి స్థితి అర్థమే ముందుకు వస్తుంది. వాల్వును మూసేసి, రెండు గంటలు అలాగే ఉంచి పరీక్షించారన్నది రచయిత ఉద్దేశమైతే "వాజ్ కెప్ట్ క్లోజ్డ్ ఫర్ టూ అవర్స్" అనడం మేలు. "కెప్ట్" చేర్చగానే చేసిన పని స్పష్టంగా వస్తుంది. ఇలాంటి అస్పష్టత ఉన్నప్పుడు "బీయింగ్" పెట్టి చూడడం ఒక పద్ధతి. "వాజ్ బీయింగ్ క్లోజ్డ్" అంటే మూసే చర్య నడుస్తోందనే, స్థితి అన్న అర్థానికి చోటే ఉండదు.

"విత్" సంగతి సులభం. చర్య చేసినవారికి "బై", చర్యకు వాడిన వస్తువుకో పదార్థానికో "విత్". నీరు ట్యాంకును నింపుకోలేదు, నీటితో ఎవరో నింపారు. అయితే వర్షం వల్ల నిండిన గుంట విషయంలో వర్షమే కారణం కనుక "బై రెయిన్" అనవచ్చు. ఇవి కాక "నోన్ టు", "ఇంటరెస్టెడ్ ఇన్", "సర్‌ప్రైజ్డ్ ఎట్" వంటి జతలు వాడుక వల్ల స్థిరపడ్డాయి. వాటిని చదువుతూ పట్టుకోవలసిందే.

సాంకేతిక లేఖరి

అందరి సలహాలూ కలుపుకొని పేరాను ఇలా మార్చాను:

"ద ట్యాంక్ వాజ్ ఫిల్డ్ విత్ వాటర్, అండ్ ద వాల్వ్ వాజ్ కెప్ట్ క్లోజ్డ్ ఫర్ టూ అవర్స్. ఎ లీక్ అకర్డ్ నియర్ ద జాయింట్. ద ప్రాబ్లమ్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు ది ఇంజనీర్, హూ డిసైడెడ్ టు రీప్లేస్ ద జాయింట్."

పనుల గురించిన మొదటి భాగంలో పాసివ్ ఉంచాను, నిర్ణయం దగ్గర యాక్టివ్‌కు వచ్చాను. నిర్ణయించినది ఇంజనీరేనని రిపోర్టు రాసినవారిని అడిగి నిర్ధారించుకున్నాను కూడా. ఇద్దరు సమీక్షకులకూ ఇదే పంపుదామనుకుంటున్నాను.

ఎర్రసిరా

చివరి వాక్యం ఇప్పుడు నాకు నచ్చింది. సమస్య వివరించినది ఎవరన్న ప్రశ్న నాకింకా మిగిలే ఉంది గానీ, ఈ పేరాకు అది అంత అవసరం కాదని ఒప్పుకుంటాను.

ప్రయోగశాల

ఒక్క సవరణ సూచిస్తాను. "ఎ లీక్ అకర్డ్" అన్నప్పుడు లీకు ఆ రెండు గంటల్లోనే ఏర్పడిందని మీరు తేల్చి చెబుతున్నారు. పరీక్ష చేసినవారు చూసింది లీకును మాత్రమే. అది అంతకు ముందే ఉండి, నీరు నింపాక బయటపడి ఉండవచ్చు. వారికి నిజంగా తెలిసినంత వరకే చెప్పే వాక్యం "ఎ లీక్ వాజ్ ఫౌండ్ నియర్ ద జాయింట్". ఇక్కడ మూడో వాక్యం మళ్ళీ పాసివ్ అయింది, కానీ ఈసారి "ఫైండ్"కు కర్మ ఉంది కనుక నిర్మాణమూ సరైనదే.

కొత్త పాఠకురాలు

చివరిగా ఒక చిన్న సందేహం. జాయింటును ఇంజనీరు స్వయంగా మార్చడు, మెకానిక్ చేత మార్పిస్తాడు. "డిసైడెడ్ టు రీప్లేస్" అంటే తనే మార్చాడన్న అర్థం రాదా? అలాగే మాటల్లో వినిపించే "గాట్ రీప్లేస్డ్" అన్నది రిపోర్టులో వాడవచ్చా?

వ్యాకరణమిత్ర

"డిసైడెడ్ టు రీప్లేస్"ను ఎవరూ అలా అర్థం చేసుకోరు. సంస్థ తరఫున తీసుకునే నిర్ణయాల్లో ఆ వాడుక మామూలే. అయినా ఇంకొకరి చేత చేయించారన్నది ప్రత్యేకంగా చెప్పాలంటే ఇంగ్లీషులో "హ్యాడ్ ద జాయింట్ రీప్లేస్డ్" అన్న నిర్మాణం ఉంది. "హ్యావ్" తరువాత వస్తువు, ఆ తరువాత వీ3. ఈ వరుస తప్పకూడదు. "హ్యాడ్ రీప్లేస్డ్ ద జాయింట్" అని తారుమారు చేస్తే అది పాస్ట్ పర్ఫెక్ట్ అయిపోయి, ఇంజనీరే అంతకు ముందు మార్చేశాడన్న అర్థం వస్తుంది. "గాట్ రీప్లేస్డ్" సంభాషణకు సరిపోతుంది. దెబ్బ తగలడం, ఉద్యోగం పోవడం వంటి అనుకోని సంఘటనలను చెప్పేటప్పుడు "గాట్ హర్ట్", "గాట్ ఫైర్డ్" అని ధారాళంగా వాడతారు. రిపోర్టులో మాత్రం "వాజ్" ఉంచండి. సాంకేతిక లేఖరి గారు ఇంకొకటి కూడా చూసుకోవాలి: జాయింటు మార్చాలని నిర్ణయించారన్నంత వరకే పేరాలో ఉంది, మార్చారా లేదా అన్నది లేదు. మార్చి ఉంటే, తేదీతో సహా "ద జాయింట్ వాజ్ రీప్లేస్డ్" అన్న వాక్యం ఒకటి చేర్చవలసి ఉంటుంది.